నాలుగు రాత్రులకు ముప్పై ఆరు వాయిదాలు



పోయిన నెల స్త్రీల కూడికలో ఒక పెద్దావిడ లేచి ప్రార్థన మనవి చెప్పింది. మన పిల్లలు పెళ్ళి కాగానే హనీమూన్ అంటూ సముద్రాలు దాటి పోతున్నారనీ, లోకాశలో పడిపోతున్నారనీ, వాళ్ళ కోసం భారంతో ప్రార్థించాలనీ అంది. అందరూ ఆమేన్ అన్నారు. మేమూ అన్నాం. ఇంటికొచ్చాక ఆ ఆమేన్ గొంతులో ముల్లులా తగులుకుంది. ఆవిడ ఎవరిని మనసులో పెట్టుకుని ఆ మాట అందో మాకు తెలుసు. ఆ జంట అంతకు ముందు వారమే మా ఇంటికి వచ్చారు. అబ్బాయి వసారాలో, అమ్మాయి వంటగదిలో, విడివిడిగా కూర్చుని చాలాసేపు ఏడ్చి వెళ్ళారు. లోకాశ గురించి కాదు ఆ ఏడుపు.

ఇక్కడ "మేము" అంటే మీ కాపరి, కాపరి ఇల్లాలు. అబ్బాయి చెప్పింది ఒకరం విన్నాం, అమ్మాయి చెప్పింది ఒకరం విన్నాం. రాత్రి రెండూ కలిపి చూసుకున్నాం. వాళ్ళను అడిగి, వాళ్ళు సరే అన్నాకే రాస్తున్నాం. పేర్లు రాయం, ఊరు రాయం. ఎవరో కనుక్కోవాలని చూడకండి. కనుక్కున్నా మీ నోట్లోనే ఉంచుకోండి.

ఇద్దరూ మన వైపు పిల్లలే. ఉద్యోగాలు హైదరాబాదులో. అబ్బాయి కట్టడాల పనుల దగ్గర సైట్ సూపర్‌వైజర్, జీతం 28 వేలు. అమ్మాయి ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, జీతం 19 వేలు. నిరుడు ఫిబ్రవరిలో పెళ్ళి. ఏడువందల మందికి భోజనాలు. ఆ భోజనాలకు ముందు ప్రార్థన చేసింది మేమే. అమ్మాయి బంగారంలో సగం ఆ పెళ్ళి అప్పు కిందే బ్యాంకులో తాకట్టుకు వెళ్ళిందన్న సంగతి అప్పటికి మాకు తెలియదు. అడగలేదు కూడా.

పెళ్ళయ్యాక తొమ్మిది రోజులు ఊళ్ళో ఉన్నారు. అబ్బాయి ఇంట్లో ఉన్నవి రెండు గదులు, ఒక వసారా. ఒక గదిలో మంచాన పడ్డ నాయనమ్మ. రెండో గది కొత్త జంటకు ఇచ్చారు. కానీ ఇంట్లో ఉన్న ఒక్క బీరువా ఆ గదిలోనే ఉంది. తువ్వాలు కావాలన్నా, చిన్నపిల్లల బట్టలు కావాలన్నా, మామగారి బీపీ మాత్రలు కావాలన్నా ఎవరో ఒకరు ఆ తలుపు తోసుకుని రావలసిందే. తలుపుకు లోపల గొళ్ళెం లేదు. ఎప్పుడో ఊడిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. చుట్టాలు పదకొండు మంది. అమ్మాయి మాతో అన్న మాట ఇది: "అమ్మగారూ, ఆ తొమ్మిది రోజుల్లో ఆయనతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. ఏమంటే ఎవరు వింటారోనని భయం."

ఆ గదిలోనే, రాత్రి పన్నెండింటికి, దుప్పటి కింద ఫోను పెట్టుకుని వాళ్ళిద్దరూ మాల్దీవుల ప్యాకేజీ కొన్నారు. ఫొటోలో నీలం నీళ్ళు, నీళ్ళ మీద గడ్డికప్పు గుడిసె, చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. వాళ్ళు కొన్నది ఆ ఒక్క మనిషీ లేకపోవడాన్నే. సముద్రం కోసం వెళ్ళారని మనం అనుకుంటున్నాం. గొళ్ళెం కోసం వెళ్ళారు.

నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు. విమానంతో కలిపి 2 లక్షల 35 వేలు అన్నారు. ఆ ధర పక్కన చిన్నగా రెండు ప్లస్ గుర్తులున్నాయట. ఆ రెండు ప్లస్‌లకు అర్థం అక్కడికెళ్ళాక బిల్లు మీద తెలిసింది. అక్కడ ప్రతిదాని మీదా 10 శాతం సర్వీసు చార్జీ, దాని మీద పర్యాటకుల జీఎస్టీ. అప్పుడది 16 శాతం, నిరుడు జూలై నుంచి 17 చేశారు. రిసార్టులో పడుకునే ప్రతి మనిషికీ రోజుకు 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ వేరే. 2024 దాకా అది 6 డాలర్లే. ఇద్దరికి నాలుగు రాత్రులకు 96 డాలర్లు, మన డబ్బుల్లో 8 వేలు దాటింది. మంచినీళ్ళ సీసా, మధ్యాహ్నం భోజనం, స్పీడ్‌బోటు, ఫొటోలు తీసేవాడు... మొత్తం 3 లక్షలకు ముట్టింది. దానికి ఫోనులోనే అప్పు. పది నిమిషాల్లో వచ్చిందట. 15 శాతం వడ్డీ, 36 నెలలు, నెలకు 10,400. కూడిక వేసి చూశాం: 3,74,400.

ఇక్కడికి విని, "అదిగో, మేం చెప్పలేదా" అని తల ఊపేవాళ్ళు మీలో ఉంటారు. ఆగండి. మేము మాట్లాడాలనుకున్నది మీతోనే.

మాల్దీవుల సంగతి కాస్త చెప్పుకుందాం, ఎందుకంటే అది స్వర్గమని కొందరూ, పాపకూపమని కొందరూ అనుకుంటున్నారు. రెండూ కాదు. కేరళ తీరానికి నైరుతిగా, సముద్రంలో పన్నెండు వందల దాకా పగడపు దీవులు. ఉత్తరం నుంచి దక్షిణానికి 800 కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉన్నాయి గానీ నేలంతా పోగేస్తే 300 చదరపు కిలోమీటర్లే, మన రెండు మూడు మండలాలంత. సహజంగా ఉన్న నేల ఎక్కడా సముద్రం కన్నా మూడు మీటర్లు కూడా ఎత్తు లేదు. చేపలు, కొబ్బరి తప్ప పెద్దగా పండేది లేదు. బియ్యం, ఉల్లిపాయలు, కోడిగుడ్లు మన దేశం నుంచి కూడా వెళ్తాయి. 1972లో అక్కడ మొదటి రిసార్టు తెరిచారు. దాని పేరు కురుంబా. వాళ్ళ దివేహి భాషలో కురుంబా అంటే లేత కొబ్బరికాయ, మన బొండం. కోనసీమ పిల్లలు మూడు లక్షలు అప్పు చేసి బొండాల దీవికి వెళ్ళొచ్చారు! హైదరాబాదు వాళ్ళేమో కొబ్బరిచెట్లు చూడ్డానికి మన దిండికి వచ్చి పడవల్లో పడుకుంటారు. ఎవరి చెట్టు వాళ్ళకు కనబడదు కాబోలు.

అక్కడి పద్ధతి ఒక దీవికి ఒక రిసార్టు. జనం లేని దీవిని చూసి కౌలుకు ఇస్తారు, అందులో ఒకే ఒక రిసార్టు కడతారు. ఇది కావాలని పెట్టుకున్న ఏర్పాటు. అది ముస్లిం దేశం. బయటివాళ్ళ తాగుడు, బట్టలు తమ ఊళ్ళలోకి రాకూడదనుకున్నారు. స్థానికులు కాపురముండే దీవుల్లో గెస్ట్‌హౌసులకు దారి తెరిచింది 2009 తర్వాతే. అందుచేత రిసార్టుకు వెళ్ళొచ్చినవాళ్ళు మాల్దీవులు చూశామంటారు గానీ అక్కడి ఒక ఇల్లు, ఒక బడి, ఒక అంగడి చూసి ఉండరు. వాళ్ళను తప్పు పట్టడం లేదు. ఆ దేశం బతికేదే దాని మీద. 2024లో 20 లక్షల మందికి పైగా పర్యాటకులు అక్కడికి వెళ్ళారు. 2023లో మన దేశం నుంచే 2 లక్షలకు పైగా వెళ్ళారు. రాజధాని మాలే పక్కన, 1990ల నుంచి చెత్త పోస్తూ పెంచిన తిలఫుషి అనే దీవి ఒకటి ఉంది. దాన్ని ఏ ప్యాకేజీ ఫొటోలోనూ పెట్టరు.

అబ్బాయి చెప్పిన ఒక సంగతి మాత్రం మమ్మల్ని రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. రోజూ మధ్యాహ్నం వాళ్ళ గది సర్దడానికి ఒక కుర్రవాడు వచ్చేవాడట. బంగ్లాదేశ్ అబ్బాయి. తెల్ల తువ్వాళ్ళు మడిచి రెండు హంసలు చేసి, ముక్కూ ముక్కూ ఆనించి, చుట్టూ పూలరేకులు చల్లి వెళ్ళేవాడు. మూడో రోజు మనవాడు హిందీలో పలకరించాడు. పెళ్ళయిందా అని అడిగాడు. అయిందన్నాడు, పద్నాలుగు నెలలయిందన్నాడు. భార్యతో ఉన్నది ఇరవై రెండు రోజులన్నాడు. నవ్వుతూనే చెప్పాడట. చెప్పి, ఇంకో పడక మీద హంసలు చేయడానికి వెళ్ళిపోయాడు. పనివాళ్ళు పడుకునేది దీవి మధ్యలో, చెట్ల వెనక, అతిథులకు కనబడని చోట. మాల్దీవుల వాళ్ళు కూడా చాలామంది రిసార్టు ఉద్యోగానికి వస్తే ఇల్లూ పిల్లలూ వేరే దీవిలోనే. సెలవు దొరికినప్పుడే ఇల్లు.

ఈ కథ అర్థం కాని ఇల్లు గోదావరి జిల్లాల్లో ఉందా? మన మందిరంలో ఆదివారం కూర్చునే వాళ్ళలో ఎంతమంది భార్యలు కువైట్‌లో వేరేవాళ్ళ పిల్లలకు స్నానం చేయిస్తున్నారు? ఎంతమంది భర్తలు దుబాయ్‌లో, ఖతార్‌లో ఉన్నారు? ఫోనులో కాపురం చేయడం మనకు కొత్త కాదు. అందుకే మనకు ఆ రిసార్టు మీద కోపం రావలసింది వేరే చోట. అక్కడ భార్యాభర్తల ఏకాంతం అనేది సరుకు అయింది. డబ్బున్నవాడికి ముక్కలు ముక్కలుగా, రాత్రుల లెక్కన అమ్ముతారు. దాన్ని సిద్ధం చేసే వాడికి మాత్రం అది ఉండదు. తిరిగొచ్చాక కొన్నవాడికీ ఉండదు. ఎలాగో చెప్తాం.

నెలకు 10,400 కట్టాలి. హైదరాబాదులో ఇంటి అద్దె 9 వేలు. బంగారం మీద వడ్డీ వేరే. అమ్మాయి అలవెన్సు కోసం నైట్ డ్యూటీ అడిగి వేయించుకుంది. అబ్బాయి ఆదివారాలు కూడా సైటుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. (ఆదివారం ఆరాధనకు రావట్లేదేమని మేము ఫోనులో కాస్త గట్టిగానే అడిగాం. ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.) అతను పొద్దున ఆరున్నరకు వెళ్ళేవాడు. ఆమె ఎనిమిదిన్నరకు వచ్చేది. అతను రాత్రి ఎనిమిదికి వచ్చేసరికి ఆమె బస్సులో ఉండేది. గిన్నె మీద మూత పెట్టి, ఏ కూర ఉందో చీటీ రాసి వెళ్ళేది. పోయిన జూన్ నుంచి క్రిస్మస్ దాకా ఇదే. అమ్మాయి చెప్పిన ఒక్క వాక్యం మీకు అప్పజెబుతాం. "అమ్మగారూ, లెక్క చూసుకుంటే మేం కలిసి కాపురం చేసింది ఆ నాలుగు రాత్రులే అనిపిస్తోంది."

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం, 5వ వచనం. మీ బైబిలు తీసి చదవండి, మేము భావం చెప్తాం. కొత్తగా పెళ్ళి చేసుకున్నవాణ్ణి సైన్యంలోకి పంపకూడదు. అతని మీద ఏ పనీ మోపకూడదు. ఒక సంవత్సరం అతణ్ణి ఇంటి దగ్గర ఉండనిచ్చి, చేసుకున్న భార్యను సంతోషపెట్టనివ్వాలి. ఈ వచనం మీద మన సంఘంలో ఇరవై ఏళ్ళలో ఎన్ని ప్రసంగాలు జరిగాయి? మా నోటు పుస్తకాలు తిరగేశాం. ఒక్కటీ లేదు. పెళ్ళి ప్రసంగం అంటే లోబడుట గురించి, ప్రేమించుట గురించి చెప్పి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ముగించి భోజనాలకు లేపేవాళ్ళం.

ఆ ఆజ్ఞ ఎవరికి ఇచ్చాడో చూడండి. పెళ్ళికొడుకుతో "నువ్వు వెళ్ళి సుఖపడు" అని చెప్పినట్టు కాదు. పంపకూడదు, మోపకూడదు అన్నప్పుడు ఆ మాట పంపేవాళ్ళకూ మోపేవాళ్ళకూ తగులుతుంది. అంటే పెద్దలకు. చుట్టూ శత్రువులున్న చిన్న ప్రజ వాళ్ళు, యుద్ధానికి ఒక్క మనిషి తగ్గినా నష్టమే. అయినా ఆ నష్టం ఊరు భరించాలి, ఆ జంట కాదు. పైగా ఎక్కడ ఉండనివ్వాలి? ఇంటి దగ్గర. ఎంతకాలం? సంవత్సరం. దేవుడు సంవత్సరం ఇమ్మంటే మనం తొమ్మిది రోజులు ఇచ్చాం, అదీ బీరువాతో కలిపి. మిగిలింది ఎక్కడో కొనుక్కున్నారు. నాలుగు రాత్రులు దొరికాయి. వాటి ఖరీదు చెల్లించింది దేనితో? ఆ సంవత్సరంతోనే.

ఇస్సాకు రిబ్కాను తీసుకెళ్ళింది తన తల్లి శారా గుడారంలోకి. అప్పటికి శారా చనిపోయి ఉంది. ఆ గుడారం ఖాళీగా ఉంది, దాన్ని కొత్త కోడలికి ఇచ్చారు. అబ్రాహాము తన సామాను అందులో పెట్టుకున్నట్టు ఎక్కడా రాయలేదు. ఊరు దాటి వెళ్ళడమే తప్పు అనేవాళ్ళు పరమగీతము 7వ అధ్యాయం కూడా చూడాలి. అక్కడ ఆ స్త్రీయే తన ప్రియుణ్ణి పొలాలకు పోదాం, పల్లెల్లో బస చేద్దాం రమ్మని పిలుస్తుంది. భార్యాభర్తలు ఏకాంతం కోరుకుంటే దాన్ని లోకాశ అనడానికి మనకు వాక్యంలో ఆధారం లేదు. ఆ మాట ఇకమీదట మన కూడికల్లో వద్దు.

హనీమూన్ అనే మాట కూడా పెద్ద గొప్పదేం కాదు. పదహారో శతాబ్దపు ఇంగ్లీషులో పుట్టింది. మొదట్లో దానికి వెళ్ళే ఊరు లేదు, కొత్త మోజు నెల తిరిగేసరికి చంద్రుడిలా తరిగిపోతుందన్న ఎగతాళే ఉంది. తర్వాత ఇంగ్లండులో డబ్బున్నవాళ్ళు పెళ్ళయ్యాక ప్రయాణం కట్టేవారు. అది కూడా మొదట్లో, పెళ్ళికి రాలేకపోయిన చుట్టాలను చూసి రావడానికి. మనకు మనుగుడుపులు ఉండనే ఉన్నాయి. అల్లుణ్ణి పిలిచి నాలుగు రోజులు కూర్చోబెట్టి వండిపెట్టడం. అందులో అప్పు లేదు గానీ ఏకాంతమూ లేదు, బావమరుదులు చుట్టూ మూగి ఉంటారు. అది చాలదన్నట్టు, క్రైస్తవులం అంటూనే ఆషాఢం వచ్చేసరికి అమ్మాయిని పుట్టింటికి తోలుకుపోయే ఇళ్ళు మన సంఘంలోనే ఉన్నాయి. అడిగితే "పెద్దలు పెట్టిన ఆచారం" అంటారు. ద్వితీయోపదేశకాండం పెట్టింది ఎవరో మరి.

మమ్మల్ని మేము తప్పించుకోం. మా పెళ్ళి 1998 మే నెలలో. మూడో రోజున పక్క జిల్లాలో సువార్త సభలకు వెళ్ళాం. మూడు రాత్రులు సభలు. ఆడవాళ్ళు ఒక పందిట్లో, మగవాళ్ళు ఇంకో పందిట్లో, తాటాకు చాపల మీద. అక్కడ ఒక పెద్ద దైవజనుడు మమ్మల్ని వేదిక మీద నిలబెట్టి, "చూడండి, పెళ్ళయిన మూడో రోజే సేవలోకి వచ్చారు" అని చప్పట్లు కొట్టించాడు. మాలో ఒకరు ఆ చప్పట్లను ఇరవై ఏడేళ్ళుగా సాక్ష్యంగా చెప్పుకుంటూ వచ్చారు. ఆ మూడు రాత్రులూ ఇంకొకరు దోమల మధ్య, తెలియని ఆడవాళ్ళ మధ్య ముసుగు పెట్టుకుని ఏడ్చారని మొన్న, ఈ పిల్లలు వచ్చి వెళ్ళాక, తెలిసింది. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "సేవ కదా, ఏమంటాం" అన్నారు.

ఇక మీరు అనబోయే మాటలు. "ఒక్కసారే కదా అయ్యగారూ, జీవితంలో మళ్ళీ వస్తుందా?" అని కుర్రవాళ్ళు అంటారు. బాబూ, మొదటి సంవత్సరం కూడా ఒక్కసారే. "వాళ్ళు సంపాదించుకున్నారు, వెళ్ళారు, మీకెందుకు?" అంటారా? సంపాదించుకుని వెళ్ళేవాళ్ళతో మాకు పేచీ లేదు. చేతిలో డబ్బుంటే వెళ్ళిరండి, బొండం తాగండి, సర్దే కుర్రవాడి పేరు అడగండి, బక్షీసు అతని చేతిలోనే పెట్టండి. ఇంకా సంపాదించని డబ్బుతో వెళ్ళకండి అంటున్నాం. పెద్దవాళ్ళు ఏమంటారో కూడా తెలుసు: "మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?" లేవు. మీ రోజుల్లో ఏడువందల భోజనాలు, డ్రోన్ కెమెరా, పెళ్ళికి ముందు ఫొటో షూటూ కూడా లేవు. వాటిని మీరే పెట్టించారు. అవి సాక్ష్యం, హనీమూన్ మాత్రం లోకాశ! ఏడువందల మంది చూసేదానికి చేసిన అప్పు పరిశుద్ధం, ఇద్దరే ఉన్నదానికి చేసిన అప్పు పాపం. ఈ లెక్క ఎక్కడ నేర్చుకున్నాం?

అక్కడైనా ఆ పిల్లల్ని వదిలామా? మొదటి రోజే వీడియో కాల్. ఈ చివర నుంచి అత్త, పిన్ని, నలుగురు తోడికోడళ్ళు. "నీళ్ళు చూపించు, మంచం చూపించు" అన్నారట. ఫొటోలు పెట్టలేదేమని ఊరి గ్రూపులో అడిగారు. దాంతో రెండో రోజు పొద్దున్న, నీళ్ళలో తేలే పళ్ళెంలో టిఫిను ఆర్డరిచ్చారు, ఫొటో కోసం. దానికి వేరే డబ్బు. అమ్మాయికి ఈత రాదు, మోకాళ్ళ లోతు దాటి ఎప్పుడూ నీళ్ళలోకి దిగలేదు. అరగంట ఫొటోలు తీసేసరికి గుడ్లు చల్లారిపోయాయి, పళ్ళెం అవతలికి కొట్టుకుపోయింది. ఇద్దరూ తినలేదు. రాత్రిళ్ళు కింద నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడుకు ఆమెకు నిద్ర లేదు. వాళ్ళమ్మ 96 తుఫాను కథలు చెప్పి పెంచింది మరి.

మూడో సాయంత్రం వాన పట్టింది. ఇంటర్నెట్ పోయింది. గంటన్నర సేపు వాళ్ళిద్దరూ ఆ గుడిసె వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. తండ్రి అప్పుల గురించి, చదువు ఎందుకు మధ్యలో ఆపాడో అతను చెప్పాడు. ముందు కుదిరి తప్పిపోయిన సంబంధం గురించి, ఆ తర్వాత ఊళ్ళో పడ్డ మాటల గురించి ఆమె చెప్పింది. అతను విన్నాడు. ఏమీ అనలేదట, చెయ్యి పట్టుకున్నాడట. మాల్దీవులు అంటే ఆ ఇద్దరికీ గుర్తున్నది అదొక్కటే. విడివిడిగా, వసారాలో ఒకరు, వంటగదిలో ఒకరు, మాతో చెప్పిన మంచి సంగతి కూడా అదొక్కటే.

ఆ గంటన్నర మన ఊళ్ళో, ఇంటి అరుగు మీద, వాళ్ళకు ఎందుకు దొరకలేదు? అరుగు మీద మనం కూర్చుని ఉన్నాం.

ఇది చదివి ఎవరికైనా మనసు నొచ్చుకుంటే నొచ్చుకోండి, కానీ కిందటి వారం పెద్దల కమిటీలో ఒక తీర్మానం చేశాం. పెళ్ళయిన రోజు నుంచి ఏడాది పాటు మన సంఘంలో కొత్త జంటకు ఏ బాధ్యతా అప్పగించం. క్వయర్ లేదు, యూత్ లేదు, కన్వెన్షన్ వంటలు లేవు, చందా పుస్తకం పట్టుకుని తిరగడం లేదు. ఆరాధనకు వస్తారు, వెళ్తారు. ఒక పెద్దాయన వెంటనే అడిగాడు, "మరి వీబీఎస్ ఎవరు చేస్తారు? కీబోర్డు ఎవరు వాయిస్తారు?" ఆయన అడిగింది న్యాయమే. ఈ ఏడాది వీబీఎస్ మేమిద్దరం చేశాం. కీబోర్డు లేకుండా చప్పట్లతో పాడాం. పాటలు శ్రుతి తప్పాయి. సైన్యంలో ఒక మనిషి తగ్గినప్పుడు తక్కినవాళ్ళకు బరువు పెరుగుతుందని మోషేకు తెలియదా?

రెండో తీర్మానం చదివింపుల గురించి. స్టీలు బిందెలు, డిన్నర్ సెట్లు ఇక చాలు, ప్రతి ఇంట్లో అటక మీద నాలుగేసి ఉన్నాయి. సంఘం తరఫున కొత్త జంటకు ఇచ్చే బహుమానం ఇకనుంచి వడ్రంగి కూలి. ఇంట్లో వాళ్ళకిచ్చే గదికి సరైన తలుపు, లోపల గొళ్ళెం, కిటికీకి తెర. గది లేని ఇంటికి మందిరం వెనకున్న అతిథుల గది. చుట్టాలు వెళ్ళిపోయేదాకా అక్కడ ఉండొచ్చు, భోజనం మా ఇంటి నుంచి వెళ్తుంది. దాన్ని చూసి నవ్వేవాళ్ళు నవ్వనివ్వండి.

ఈ జంటకు మొదటి సంవత్సరం అయిపోయింది. దాన్ని మేము తెచ్చివ్వలేం. ఇంకా 21 వాయిదాలున్నాయి. అమ్మాయి ఇప్పుడు నైట్ డ్యూటీ మానేసింది, నెల నెలా తక్కువ పడేదాన్ని అబ్బాయి తండ్రి సర్దుతానన్నాడు, ఇంటి పైన వేయాలనుకున్న రేకుల షెడ్డు ఆపుకుని. ఆయన ఒప్పుకోవడానికి మేము మూడుసార్లు వెళ్ళవలసి వచ్చింది. బీరువా జరపడానికి ఇంకో రెండుసార్లు. "బంగారం ఉండే బీరువా వసారాలో ఎలా పెడతాం అయ్యగారూ?" అని అబ్బాయి తల్లి అడిగింది. ఆ బంగారంలో సగం బ్యాంకులో ఉందని ఆవిడకు మేము గుర్తు చేయలేదు. కాసేపటికి ఆవిడకే గుర్తొచ్చింది. బీరువా ఇప్పుడు నాయనమ్మ గదిలో ఉంది.

వచ్చే శనివారం ఆ ఇద్దరూ నాలుగు రోజుల సెలవు మీద ఊరికి వస్తున్నారు. దయచేసి ఎవరూ పలకరింపుల పేరుతో ఆ ఇంటికి వెళ్ళకండి. నిన్న సాయంత్రం వడ్రంగిని పంపాం. వెళ్ళి చూస్తే అలవాటు కొద్దీ గొళ్ళెం బయటివైపు బిగించి వెళ్ళాడు. రేపు పొద్దున మళ్ళీ వస్తానన్నాడు.